శివారు దాకా

కాలువ వదిలిన వారంలో మా ఊరి పిల్లలెవరూ ఇంటిపట్టున ఉండేవాళ్ళు కాదు. వేసవిలో కాలువ కట్టేశాక అడుగంతా నెర్రెలిచ్చేది. గేదెలు అందులోనే మేసేవి, మేం అందులోనే గోళీలాడేవాళ్ళం. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలారని రేడియోలో చెప్పాక, అవి మా దాకా రావడానికి రోజులు పట్టేది. పొద్దున్న లేస్తూనే గట్టెక్కి ఎగువకేసి చూసేవాళ్ళం. ముందుగా వచ్చేది చెత్త. ఎండుటాకులు, కొబ్బరి డొక్కలు, పుల్లలు, వాటిమీద నురగ, అన్నీ కలిసి బుసబుసమంటూ కాలువ అడుగున పాకుతూ వచ్చేవి. వాటి వెనక చీలమండ లోతు బురద నీళ్ళు. కాళ్ళకి తగిలీ తగలకుండా వాటి ముందు పరిగెత్తడం మా ఆట.

అదే వేళకి గట్టు మీద ఒక మనిషి నడిచొస్తూ ఉండేవాడు. ఖాకీ నిక్కరు, తలకి తువ్వాలు, చేతిలో పొడుగాటి వెదురు గెడ. తూముల నోళ్ళలో చెత్త ఇరుక్కోకుండా గెడతో తోస్తూ, నీటితోపాటే ఆఖరి చేను దాకా వెళ్ళేవాడు. ఆయన మా కాలువ లస్కరు. మాకు లస్కరు తాత.

అందరు పిల్లల్లాగే నాకూ సినిమా హీరోలుండేవాళ్ళు. 1983లో కపిల్ దేవ్ ప్రపంచ కప్పు ఎత్తుకున్న ఫొటో పేపర్లోంచి కత్తిరించి లెక్కల పుస్తకం అట్టకి అంటించుకున్నాను. వాళ్ళమీద ఇష్టం ఇప్పటికీ పోలేదు. కానీ నలుగురితో ముడిపడ్డ పని ఏదైనా నెత్తిమీద పడి, ఎలా చెయ్యాలో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చేది లస్కరు తాత, మా మామ్మ, ఆ ఇద్దరూ మనసులో నిలుపుకున్న మరో ఇద్దరు ముగ్గురు.

మాది ఒకప్పటి రాజోలు తాలూకా. గోదావరి ధవళేశ్వరం దిగాక గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య చిక్కిన నేల మాది. చుట్టూ నీళ్ళే. అయినా ఒకప్పుడు వాన కురిస్తేనే పంట. మా కాలువ నీరు వైనతేయ మీదుగా, గన్నవరం అక్విడక్టు దాటి వస్తుంది. మా ఊరు ఆ కాలువ చివర్లలో ఉంది. కాలువ మొదట్లో ఉన్న ఊళ్ళవాళ్ళకి నీటి గురించి ఆలోచించే పని పెద్దగా ఉండదు. చివర్న ఉన్నవాళ్ళకి నాట్ల రోజుల్లో మరో ఆలోచన ఉండదు.

లస్కరు తాత రోజు ఎలా గడిచేదో దగ్గర నుంచి చూశాను. మా పశువుల పాక వెనకే ఆయన క్వార్టరు. తెల్లవారకముందే సైకిలెక్కి ముందు శివారుకి వెళ్ళేవాడు. ఆఖరి తూము దగ్గర దిగి, నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి, పక్క చేలో నారుమడి రంగు చూసి, అప్పుడు వెనక్కి తిరిగేవాడు. దారిలో ఒక్కో తూము దగ్గరా ఆగి, ఎవరైనా గట్టు కింద దొంగ గొట్టం దూర్చారేమో కాలితో తడిమి చూసేవాడు. తిరిగొచ్చాక గేజి రాయి దగ్గర కూర్చునేవాడు. రాయి మీద అడుగులు, అంగుళాలు గీతలు గీసి ఉండేవి. రాత్రికి రాత్రి వాటిమీద నాచు పట్టేది. కొబ్బరి పీచుతో రుద్ది, అంకె కనిపించాక మోకాళ్ళమీద వంగి కన్ను నీటిమట్టానికి తెచ్చి చదివేవాడు. "పైనుంచి చూస్తే ఓ అంగుళం ఎక్కువ కనపడద్దండి" అని నాకూ వంగోపెట్టి చూపించాడు. నేను చిన్నవాణ్ణయినా 'అండి' అనే అనేవాడు. చెవిలో దోపుకున్న పెన్సిలు తీసి రిజిస్టర్లో అంకె వేసి, అప్పుడు లేచి షట్టరు తిప్పేవాడు.

ఆ వరసలో ఉన్న అర్థం నాకు పెద్దయ్యాక బాగా తెలిసింది. షట్టరు దగ్గర కూర్చుని ఎంత వదిలామో లెక్క రాసుకోవచ్చు, కాయితం మీద అంతా సరిగ్గానే ఉంటుంది. కాలువ పొడుగునా నేలలోకి ఇంకేదీ ఆవిరయ్యేదీ పోను, ఎగువవాళ్ళు ఎక్కువ లాగేది పోను, చివరికి ఎంత చేరిందో మాత్రం చివరికి వెళితేనే తెలుస్తుంది. అందుకని ఆయన పని చివర్న మొదలయ్యేది.

రెండో పంట దాళ్వాకి నీళ్ళు తక్కువ. వంతులు పెట్టేవారు. ఒక ఏడు మాఘమాసంలో, మా వంతు అయిపోయాక కూడా మా పెదనాన్న మనిషిని పంపి షట్టరు ఎత్తించుకున్నాడు. పెదనాన్నది ఊళ్ళో పెద్ద వ్యవసాయం, మాట చెల్లుబాటు ఉన్న మనిషి. తెల్లారేసరికి షట్టరు దిగిపోయి ఉంది. పెదనాన్న కండువా దులుపుకుంటూ క్వార్టరు దగ్గరికొచ్చాడు. నేను పాకలో గేదెకి చిట్టు కలుపుతున్నాను.

"ఏమయ్యా, నా చేనుకి నీళ్ళాపడానికి నువ్వెవడివి?"

"ఆయ్, నేనెవర్నండి, లస్కర్నండి. తమరి చేను తడిసి నాలుగు రోజులైందండి. శివారోళ్ళ చేలు బీటలిస్తున్నాయండి."

"పైకి రిపోర్టు రాస్తాను."

"రాయండి బాబయ్యా. గేజి అంకె కూడా అందులో రాయండి. నేనెంత వదిలానో తేలిపోద్ది."

గొంతు పెంచలేదు. చేతులు కట్టుకుని నిలబడే చెప్పాడు. పెదనాన్న ఆ దాళ్వా అంతా ఆయనతో మాట్లాడలేదు. మళ్ళీ మా వంతు వచ్చినప్పుడు ఏం జరుగుతుందోనని నేను చూస్తూనే ఉన్నాను. చెప్పిన వేళకి షట్టరు లేచింది. మా తూముకి ఒక్క అంగుళం తక్కువ రాలేదు. తిట్టిన మనిషి వాటా అని ఆయన తగ్గించలేదు, పెద్దమనిషి వాటా అని పెంచలేదు. న్యాయం గురించి ఆ తరవాత పుస్తకాల్లో చాలా చదివాను. నాకు తెలిసిన న్యాయం మట్టుకు ఆ షట్టరు దగ్గర చూసిందే.

ఆయన క్వార్టర్లో దేవుడి పటాలతోపాటు, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పటం ఉండేది. మా వైపు అది వింత కాదు. సంధ్యావందనం చేసుకుంటూ ఆయన్ని తలుచుకునే పండితులు ఉండేవారు. మే 15న ఆయన పుట్టినరోజుకి ఊళ్ళలో విగ్రహాలకి దండలు వేస్తారు. కానీ లస్కరు తాత కాటన్ కథ చెప్పే తీరు వేరు. దేవుణ్ణి చేసి చెప్పేవాడు కాదు. పని చెప్పేవాడు. 1833 నాటి డొక్కల కరువు, ఆ తరవాత 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోవడం, పక్కనే గోదావరి ఊరికే సముద్రంలోకి పోతుండడం. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. మరుసటేడే కాటన్ ఆరోగ్యం దెబ్బతిని సెలవు మీద దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. పని ఆగలేదు, ఆర్ అనే కెప్టెను నడిపించాడు. కాటన్ కోలుకుని తిరిగొచ్చి 1852కి పూర్తిచేశాడు. కంపెనీ వాళ్ళు ధర్మానికి డబ్బివ్వలేదని, శిస్తు ఎంత పెరుగుతుందో లెక్కగట్టి చూపిస్తేనే ఒప్పుకున్నారని కూడా తాత దాచకుండా చెప్పేవాడు. "డబ్బిచ్చేవోడికి డబ్బు లెక్క చెప్పాలండి. చేనోడికి నీళ్ళివ్వాలండి. దొర రెండూ చేశాడండి."

కాటన్ కంటే కూడా ఆయన కళ్ళల్లో వెలుగు కనిపించేది వీరన్నగారి పేరెత్తినప్పుడు. వీణెం వీరన్న. ఆనకట్ట కట్టినప్పుడు కాటన్ పక్కన నిలబడి వేలమంది కూలీల్ని కూడగట్టి పని నడిపించిన తెలుగు ఇంజనీరు. గన్నవరం అక్విడక్టు నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు. ఆనకట్ట అయిపోగానే సరిపోయిందని ఊరుకుంటే, వైనతేయకి ఇవతల ఉన్న మా నేలకి చుక్క నీరు వచ్చేది కాదు. నది మీదుగా కాలువని నడిపించి ఇవతలికి తెచ్చారు.

ఒకసారి తాత నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని దాన్ని చూపించడానికి తీసుకెళ్ళాడు. నలభైతొమ్మిది ఖానాల వంతెన. పైన మా కాలువ, కింద వైనతేయ. నీటిమీద నీరు పోతోంది. కాలువలో ఊక పడవ ఒకటి మెల్లిగా వెళుతుంటే, దాని కింద నదిలో జాలరి వల విసురుతున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే తాత ఖానా గోడ మీద అరచెయ్యి ఆనించి, "వందేళ్ళు దాటిందండి. ఎక్కడైనా కారతందేమో చూడండి" అన్నాడు. తన ఇంటి గోడ చూపించినంత మురిపెంగా అన్నాడు. వీరన్నగారి పని తనకి అప్పగించారనే ఆయన నమ్మకం. తనకి ముందు ఎవరో బాగా చేసి పెట్టిపోయారు, దాన్ని చెడనివ్వకూడదు. అంత చిన్న జీతానికి అంత పట్టుదల ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఆ రోజు తెలిసింది. ఆ పాత వంతెన పక్కన తరవాత కొత్త అక్విడక్టు కట్టారు. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

ఆ పేరు నాకు మా మామ్మ నోటి నుంచి వచ్చింది. సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. లంకల గన్నవరం డొక్కా జోగన్నగారికి ఇల్లాలై వచ్చారు. ఆ ఊరు గోదావరి పాయ పక్కనే. ఏరు దాటాలన్నా, దాటి వచ్చినా ఆ ఊరు తగలాల్సిందే. పడవ దాటిపోతే రేవులో పడిగాపులు. అలా చిక్కుబడ్డ బాటసారులకి సీతమ్మగారిల్లే దిక్కు. వేళ కాని వేళ వచ్చినా, ఏ కులంవాడు వచ్చినా పొయ్యి వెలిగేది. 1909లో కన్నుమూసేదాకా అలాగే గడిపారు. మామ్మ వాళ్ళ అత్తగారు చిన్నప్పుడు వరదల రోజుల్లో ఆ ఇంట భోంచేశారట. ఏం తిన్నారో కూడా మామ్మకి కంఠతా వచ్చు. కందిపప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. నెయ్యి ఎంత వేశారో కూడా చెప్పేది, ఆ విస్తరి ముందు తనే కూర్చున్నట్టు.

ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం నాడు సీతమ్మగారి ఫొటో తెప్పించుకుని గౌరవించారని మా వైపు గొప్పగా చెప్పుకుంటారు. మామ్మకి ఆ కథ మీద పెద్ద మోజు ఉండేది కాదు. ఆవిడకి నచ్చింది అంతర్వేది కథ. సీతమ్మగారికి నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. వచ్చేవాళ్ళకి వండి పెట్టడంతో తీరిక దొరికేది కాదు. చివరికి ఒకసారి పల్లకీలో బయల్దేరారు. దారిలో ఆగినచోట, ఏరు దాటివస్తున్న ఒక కుటుంబం మాటలు చెవిన పడ్డాయి. ఆకలని ఏడుస్తున్న పిల్లలకి, ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరితే అన్నం పెడతారు అని పెద్దవాళ్ళు నచ్చజెబుతున్నారు. ఆవిడ పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారని చెప్తారు. మామ్మ ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా వెనక్కి తిరిగే చోట ఆగి కళ్ళొత్తుకునేది. దేవుణ్ణి చూడకుండా వెనక్కి వచ్చేశారేంటని నేనడిగితే, "చూడలేదని ఎవరన్నార్రా నాన్నా" అనేది.

మా ఇంట్లో దాని ఫలితం ఒక నియమంగా ఉండేది. రాత్రి ఆఖరి పడవ రేవుకి వచ్చేదాకా అన్నం గిన్నె కడగడానికి వీల్లేదు. రోజూ ఒక సోలెడు బియ్యం మా లెక్కకి మించి పడేవి. ఎవరూ రాని రోజులే ఎక్కువ. అమ్మ అప్పుడప్పుడూ విసుక్కునేది కూడా, మిగిలిన అన్నం పొద్దున్నే తరవాణీ కుండలోకి పోయేది కాబట్టి. మామ్మ కదిలేది కాదు. వచ్చిన రోజు వాళ్ళ కళ్ళముందు బియ్యం కొలిచి పొయ్యిమీద పెట్టకూడదనేది. అలా పెడితే వాళ్ళు బరువనుకుంటారట. ముందే వండి ఉంచాలి, ఉందని చెప్పి పెట్టాలి. పెట్టడంలో ఇంత మర్యాద ఉంటుందని నాకు ఇంకెవరూ నేర్పలేదు. ఇప్పుడు రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి సీతమ్మగారి పేరు పెట్టారు. నాకు అంతకంటే తగిన చోటు తోచదు.

1986 ఆగస్టు వరద నాటికి నేను ఎనిమిదో తరగతి. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా 35 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు దిగింది. ఆ అంకెకి అర్థం మాకు ఏటి మధ్య లంకల్లో కనిపించింది. కొబ్బరిచెట్ల తలలు మాత్రం నీటి పైన ఉన్నాయి. లంకవాళ్ళంతా పశువులతో, మూటలతో మా ఊరి బళ్ళోకి వచ్చేశారు. చాలాచోట్ల గట్లకి గండ్లు పడ్డాయని కబుర్లు వస్తున్నాయి. ఊళ్ళో మగవాళ్ళంతా హరికేన్ లాంతర్లు పట్టుకుని వంతులవారీగా ఏటిగట్టు కాపలా. నన్ను రానివ్వనంటే ఏడ్చి నాన్న వెంట వెళ్ళాను.

అర్ధరాత్రి దాటాక గట్టుకి ఊరివైపు, అడుగున, నీరు బుడబుడ పొంగుతోందని ఎవరో కేకేశారు. అందరూ అక్కడికి ఉరికారు. ఒకాయన గడ్డిమోపు తెచ్చి ఆ నోట్లో కుక్కబోయాడు. లస్కరు తాత వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు. "నోరు మూస్తే పక్కన ఇంకోచోట పొడుచుకొస్తాదండి." లాంతరు దగ్గరికి తెప్పించి, దోసిట్లో ఆ నీరు పట్టి వెలుగులో చూశాడు. తేట నీరయితే ఫర్వాలేదట. మట్టి కలిసి వస్తే లోపల గట్టు తొలుచుకుపోతోందన్నమాట. ఆ దోసిట్లో సన్నటి ఇసుక మిగిలింది. ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్పించాడు. లోపల నీరు బావిలా నిండుతూ పైకి లేచింది. లేచినకొద్దీ దాని బరువే కిందనుంచి వచ్చే నీటిని అణిచింది. పొంగు తగ్గింది, నీరు తేటపడింది. అప్పుడు బస్తాలు పేర్చడం ఆపించి, పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. మా పెదనాన్న ఆ రాత్రి ఆయన చెప్పిన చోటికల్లా బస్తాలు మోశాడు. చేతులు కొట్టుకుపోయాయి. ఇద్దరూ ఒకే చెంబులో మంచినీళ్ళు తాగడం నేను చూశాను.

తాత కంగారుపడ్డట్టు కనిపించలేదు. ధైర్యమంటే భయం లేకపోవడమని సినిమాల వల్ల అనుకునేవాణ్ణి. ఏం చెయ్యాలో తెలిసి ఉండటం ధైర్యంలో పెద్ద భాగమని ఆయన్ని చూస్తే తెలిసింది. ఆ తెలివి ఆయనకి ఒక్క రాత్రిలో రాలేదు. ఏళ్ళ తరబడి పొద్దున్నే నాచు రుద్ది అంకె చదివిన మనిషికి నీటి గుణం తెలుస్తుంది. మా దగ్గర గట్టు నిలబడింది. బళ్ళో ఉన్న లంకవాళ్ళకి మామ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు కాగుల్లో అన్నం వండారు. ఆఖరి బంతి లేచేదాకా మామ్మ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఉద్యోగంలో చేరాక తమిళనాడు వెళ్ళినప్పుడు కావేరి మీద కల్లణై చూశాను. చోళుల నాటి కట్ట. గోదావరికి రాకముందు కాటన్ కావేరి ప్రాంతంలో పనిచేశాడు, కొల్లిడం మీద ఆనకట్టలు కట్టించాడు. ఇసుక నదిలో పునాది ఎలా నిలబెట్టాలో ఆ పాత కట్ట కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. ఆ కట్ట మీద నిలబడితే తాత గుర్తొచ్చాడు. ఆయనకి వీరన్న, కాటన్‌లు గురువులు. కాటన్‌కి గురువులు కల్లణైలో రాళ్ళెత్తిన మనుషులు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. కరికాల చోళుడి పేరొక్కటే నిలిచింది.

ఇవాళ మా కాలువలో గుర్రపుడెక్క నిండింది. మురుగు కాలువలు పూడి, వానొస్తే శివారు చేలు మునుగుతాయి, ఎండొస్తే అవే ఎండుతాయి. 2011లో మా కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి మొదటి పంట సార్వా వెయ్యకుండా వదిలేశారు. గిట్టుబాటు ధర, కూలీలు, అన్నీ అందులో కారణాలే. మురుగు దిగని చేల బాధ కూడా అందులో ఒకటి. లస్కర్లు రిటైరవుతూ పోతే వాళ్ళ చోట కొత్తవాళ్ళు రాకపోవడం నేను చూస్తూనే ఉన్నాను. నీటి లెక్క ఇప్పుడు మరింత కచ్చితంగా కట్టొచ్చు, పరికరాలున్నాయి. పొద్దున్నే చివరి తూము దాకా వెళ్ళి నారుమడి రంగు చూసే మనిషి మాత్రం కావాలి. ఆ ఉద్యోగాలు నింపమని నాకు చేతనైన ప్రతి చోటా అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

మా ఊరి కాటన్ విగ్రహం దిమ్మెకి ఈమధ్య మరమ్మతు మొదలైంది. చందా ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కుదామని ఒక మాట వచ్చింది. ఈ కాలువ మీద పనిచేసిన లస్కర్ల పేర్లు చెక్కుదామని నేనూ, నాతో చదువుకున్న మరికొందరూ అన్నాం. ముందు వాదన జరిగింది గానీ ఒప్పుకున్నారు. పాత రిజిస్టర్లు కొన్ని చెదలు తిన్నాయి. ఊళ్ళలో ఎనభై దాటినవాళ్ళని అడిగి రాసుకుంటున్నాం. కాలువ మొదటి నుంచి ఒక్కో ఊరూ దిగుతూ వస్తున్నాం. మామిడికుదురు వైపు అయింది. ఇంకా శివారు ఊళ్ళు మిగిలాయి, అవి పూర్తయ్యేదాకా రాయి చెక్కించొద్దని చెప్పాం.